అరువు బియ్యం

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో నేను స్టూడెంట్స్‌కి భోజనం డబ్బాలు కట్టడం మొదలుపెట్టిన ఏడాది, స్టూడెంట్స్ అద్దెకుండే ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపల తెలుగే వినిపించేది. కాలేజీ అయ్యాక గోడౌన్లలో షిఫ్టులు చేసి వచ్చే పిల్లలకు వండుకునే ఓపిక ఉండేది కాదు. మా చర్చి వంటగదిని అద్దెకు తీసుకుని అన్నం, పప్పు, కూర, చారు వండేదాన్ని. డబ్బాలను మా ఆయన ఇళ్లకు చేర్చేవారు.

వంట నాకు కష్టం కాలేదు. బిల్లులే కష్టమయ్యాయి. బియ్యం, పప్పులు, నూనె మిస్సిసాగాలో ఒక హోల్‌సేల్ అంకుల్ దగ్గర అరువు తెచ్చేదాన్ని. ఆయనది నెల్లూరు. రెండు వారాల్లో కట్టాలని షరతు. పిల్లలేమో నెలాఖరుకి ఇచ్చేవారు. తినేవాళ్లు పెరిగితే లాభం పెరుగుతుందనుకున్నాను. ముందు పెరిగింది బాకీ.

ఆ చలికాలంలో వంటగది అద్దె కింద నేనిచ్చిన చెక్కు బౌన్స్ అయింది. ఆ వారమే అంకుల్ సరుకు ఆపేశారు. ఇది ఫోన్‌లో తేలే వ్యవహారం కాదని, మంచులో 401 హైవే మీద డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను.

ఆయన కసరలేదు. టీ ఇప్పించి, "అమ్మా, నేనూ ఇంపోర్టర్‌కి కట్టాల. ఒక పని చేద్దాం. నీ బాకీ కొట్టేస్తా. ఆ డబ్బాలు నా పేరు మీద నడుపుదాం. నువ్వొచ్చి వండు, గంటకింతని ఇస్తా. బిల్లుల గోల నీకుండదు" అన్నారు.

ఆ మాట వినగానే ప్రాణం కాస్త తెరిపిన పడింది. కానీ ఎవరికి పెరుగు పడదో, ఎవరు కారం ఓర్చుకోలేరో నాకు తెలుసు. ఒక్కొక్క ఇల్లూ తిరిగి తెచ్చుకున్న పిల్లలు. బాకీ కింద వాళ్లను రాసివ్వడానికి మనసొప్పలేదు.

"వద్దంకుల్. పాత బాకీ ప్రతి శనివారం కొంచెం కొంచెం ట్రాన్స్‌ఫర్ చేస్తాను. కొత్త సరుకు డబ్బిచ్చే తీసుకెళ్తాను. ఒక్క వారం తప్పినా మీరు చెప్పినట్టే చేద్దాం."

ఆయన "సరే, నీ ఇష్టం" అన్నారు. చేతిలో ఉన్నదానికి వచ్చినన్ని బస్తాలే కారులో వేయించుకున్నాను. ఆ వారం పప్పు పల్చబడింది.

ఇంటికి రాగానే పిల్లలందరికీ మెసేజ్ పెట్టాను: ఇకనుంచి ఏ వారం డబ్బు ఆ సోమవారమే, ముందుగా. కొందరు మానేశారు. కరీంనగర్ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది.

"ఆంటీ, మాకందరికీ శుక్రవారం పే పడ్తది. సోమవారం దాకా ఏం మిగులుతయి? శుక్రవారమే అడుగుండ్రి, వచ్చే వారంది ఇచ్చేస్తం."

అలాగే మార్చాను. శుక్రవారం వాళ్లు పంపేవారు, శనివారం నేను అంకుల్‌కి పంపేదాన్ని. జ్వరం వచ్చిన వారం కూడా పడుకునే పంపాను. మానేసిన వాళ్లలో సగం మంది తిరిగి వచ్చారు.

వేసవి మొదలయ్యేసరికి పాత బాకీ తీరిపోయింది. అంకులే ఫోన్ చేశారు.

"మళ్లీ అరువు ఇస్తానమ్మా, ఈసారి నెల గడువు."

"వద్దంకుల్. డబ్బిచ్చి తీసుకుంటే బస్తాకి ఎంత తగ్గిస్తారో అది చెప్పండి."

ఆయన నవ్వారు. తగ్గించింది కొంచెమే అయినా, అన్ని బస్తాల మీదా తగ్గించారు.