ఎక్స్‌పెల్‌కు రెండో అర్థం

గురువారం మధ్యాహ్నం రెండూ పదికి పుంగనూరులో మా ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే ఎవరో పోయారనే లెక్క. పోస్టుమ్యాన్ సైకిలు దిగక ముందే మా అవ్వ ఏడుపు మొదలుపెట్టింది (ఎవరి కోసం ఏడవాలో తెలియక మధ్యలో ఆపి, ఎవరని అడిగింది). రాగిపిండి జల్లిస్తున్న అమ్మ జల్లెడతోనే వాకిట్లోకి వచ్చింది. అంగడి నుంచి భోజనానికి వచ్చిన నాయన కాగితం తీసుకుని నా చేతికిచ్చాడు. నేను పదో తరగతి (ఆ పూట బడి లేదు), ఇంగ్లీషులో క్లాసు ఫస్టు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన ఇంకో మనిషి మా అన్న. వాడు కుప్పంలో కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. టెలిగ్రాం వచ్చింది వాడి పేరుతోనే.

"స్టోన్ ఎక్స్‌పెల్డ్. నో వర్రీ. కమింగ్ సాటర్డే."

ఎక్స్‌పెల్ అనే మాటను ఆ వారమే మా టీచరు నేర్పింది. తప్పు చేసిన పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయడం అని బోర్డు మీద రాసింది. అయినా జాగ్రత్త కోసం డిక్షనరీ తీశాను. మొదటి అర్థం అదే. దాని కింద ఇంకొకటి ఉంది గాని, నేను అంత దూరం వెళ్ళలేదు. రాయికీ ఎక్స్‌పెల్‌కూ మధ్య ఉన్న ఖాళీని నేనే పూరించి చెప్పాను: అన్న ఎవరి మీదో రాయి విసిరాడు, కాలేజీ నుంచి తీసేశారు, దిగులు పడొద్దంటున్నాడు, శనివారం వచ్చేస్తున్నాడు.

అమ్మ చేతిలో జల్లెడ వంగి, పిండి ఆమె కాళ్ళ మీద పడుతూ ఉంది. మా అన్న కోడిని కూడా అదిలించే రకం కాదు. వీధిలో కుక్క పడుకుని ఉంటే పక్క సందులోంచి చుట్టి వచ్చేవాడు. నాయన, రాయి ఎవరికి తగిలిందో అందులో ఉందా అని అడిగాడు. లేదన్నాను. అవ్వకు మాత్రం రాయి కన్నా నో వర్రీ ఎక్కువ తగిలింది. "తరిమేస్తే దిగుల్లేదంటాడా? ఎంత పొగురు సూడప్పా వానికి."

సాయంత్రానికి నాయన తేల్చేశాడు. "పొద్దున్నే పోయి వాని పెట్టె తెచ్చేస్తా. ఇంక సదువు లేదు. అంగట్లో కూసోనీ." తనలాగా అంగట్లో కూర్చోకూడదనే వాణ్ణి అంత దూరం పంపాడు. ఆ మాట అన్నాక ఆయన అన్నం ముట్టలేదు. నేను మాత్రం, సిగ్గుపడుతూ చెబుతున్నాను, అంత కష్టమైన మాటకు అర్థం చెప్పగలిగానని లోపల కొంచెం సంతోషపడ్డాను.

శుక్రవారం పలమనేరులో బస్సు మారి, వెంకటగిరికోట దాటేసరికి నాయన కోపమంతా భయమైందట. పెట్టె సంగతి మరిచి నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు. దెబ్బ తగిలినవాళ్ళెవరో చెబితే వాళ్ళ కాళ్ళు కూడా పట్టుకుంటానన్నాడు. ప్రిన్సిపాలు ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "మీవాడు మూడు దినాలుగా ఆస్పత్రిలో ఉండాడు కదప్పా. రాయి యాడ ఏస్తాడు?"

ఆస్పత్రి అన్న మాటకు నాయన లేచి పరిగెత్తాడు. అక్కడ అన్న మంచం మీద కూర్చుని బార్లీ నీళ్ళు తాగుతున్నాడు. వాడి కిడ్నీలో రాయి ఉండిందట. అది దానంతటదే బయటికి వచ్చేసింది (నేను చదవని రెండో అర్థం అదే, లోపలున్నదాన్ని బయటికి నెట్టేయడం). ఆ సంతోషంలో హాస్టల్ గదిలో వాడితో ఉండే స్నేహితుడు వాడి పేరుతో టెలిగ్రాం ఇచ్చాడు. నొప్పి సంగతి రాసిన ఉత్తరం అప్పటికే మాకు చేరి ఉంటుందని వాళ్ళ నమ్మకం (అది శనివారం, అన్న కంటే గంట ముందు చేరింది). స్నేహితుడు అగ్గిపెట్టె తెరిచి రాయిని చూపించాడు. కందిబేడంత కూడా లేదు. నాయన దాన్ని చాలాసేపు చూశాడట.

"దీనికా నేను ప్రిన్సిపాలు కాళ్ళు పట్టుకునింది?"

అన్న చదువు ఆగలేదు. వాడు ఈ చెల్లెల్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. "మే, డిక్షనరీలో కిందికి గూడా సూడాల" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఆ మాట వాడి సొంతమైంది. వంటింట్లోంచి పిల్లిని ఎక్స్‌పెల్ చేసేవాడు, అవ్వ కాలిలోంచి ముల్లును ఎక్స్‌పెల్ చేసేవాడు. టీవీ ముందున్న కుర్చీ కోసం మొదట నన్ను, చాలా ఏళ్ళ తర్వాత నా పిల్లల్ని, "మిమ్మల్ని ఎక్స్‌పెల్ చేస్తాండా, లేయండి" అని లేపేవాడు.

ఇప్పుడు నేను మదనపల్లెలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను (నాకు ఉద్యోగమిచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలియదు). ఆ మాట వచ్చినప్పుడు రెండు అర్థాలూ రాస్తాను, రెండోది ముందు. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల ఎవరో చూసి, ఆ పిల్ల చేత రెండుసార్లు చదివిస్తాను.

అన్న పోయి రెండేళ్ళయింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవర్నీ ఎక్స్‌పెల్ చేయడం లేదు.