సిపాయిలు బాగున్నారని చెప్పాను

"పక్కింటి అత్తయ్య పోయారే" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ల్యాబులో ఉన్నాను. చేతులకు గ్లవుజులుంటే ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నాను. కాలి పుండులోంచి విషం రక్తంలోకి పాకిందన్నారట డాక్టర్లు. ఎలా పాకుతుందని అమ్మ నన్ను అడగలేదు. అడిగితే చెప్పగలిగేదాన్ని. నా పరిశోధన దాని మీదే.

ఆవిడ మాకు చుట్టం కాదు. పెడనలో మా ఇంటి పక్క షెడ్డులో వాళ్ళాయనతో, నేను మావయ్యా అని పిలిచే ఆయనతో, కలిసి కలంకారీ అద్దకం పని చేసేవారు. కొయ్య అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో రెండుసార్లు గుద్దేవారు. మూడోసారి గుద్దడం నేనెప్పుడూ చూడలేదు. "మొదటి దెబ్బ అచ్చుకి, రెండోది గుడ్డకి. మూడోది పొగరుకి" అనేవారు. కాన్వెంటు యూనిఫాంలోనే ఆ షెడ్డు గుమ్మంలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఎవరైనా "ఈ పిల్ల నోరు విప్పదేంటండీ?" అంటే, "వాగడానికి మనం లేమూ? చదువుకోనియ్యండి దాన్ని" అని కసిరేవారు. మాట్లాడకుండా ఉన్నా ఫరవాలేదని నాకు మొదట చెప్పిన మనిషి ఆవిడ. మాట్లాడవలసిన చోట కూడా నేను నోరు విప్పలేదు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఒంట్లోకి క్రిమి చొరబడగానే ముందుగా పరుగెత్తుకొచ్చే తెల్లకణాలు కొన్ని ఉంటాయి. అవి క్రిమిని మింగేస్తాయి. ఆ పనికి కావలసిన శక్తి కోసం చక్కెరను గబగబా కాలుస్తాయి. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉన్న ఒంట్లో ఈ కాల్చే తీరు దెబ్బతింటుంది. చుట్టూ కావలసినంత చక్కెర ఉన్నా కణాలు మందగిస్తాయి. ఎందుకన్నదే నేను వెతుకుతున్నది. దానికి షుగరున్నవాళ్ళ తాజా రక్తం కావాలి. ఎవరినీ అడగలేక మొహమాటపడుతుంటే అత్తయ్యే అన్నారు: "నాకు పన్నెండేళ్ల నుంచీ ఉందిగా. నాది తీసుకో."

ఇద్దరం బందరు వచ్చి విజయవాడ బస్సెక్కాం. దారిలో ఇదంతా వివరిస్తే ఆవిడకు నాకన్నా తేలిగ్గా అర్థమైంది. "గుడ్డ సంగతీ అంతేగదే. కరక్కాయా పాలూ సరిగ్గా తాగితేనే రంగు పట్టేది. తాగినదాన్ని బట్టే బుద్ధి." ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఈ గాలి పీల్చినా నాకు షుగరు వంద పాయింట్లు పెరుగుతుందే తల్లీ!" ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు.

విజయవాడలో మా ల్యాబుకు చేరాక సమ్మతి పత్రం చేతికిచ్చాను. దాన్ని తెలుగులో రాసింది నేనే. "ఏం రాసుందే?" అన్నారు. మీ పేరు ఎక్కడా బయటికి రాదని ఉంది అత్తయ్యా, అన్నాను. ఫలితాలు ఎవరికీ విడిగా తెలియజేయబోమన్న వాక్యం చదివి వినిపించలేదు. ఆవిడ సంతకం పెట్టేశారు.

ఆ సాయంత్రం మైక్రోస్కోపులో చూశాను. కణాలు నేను కలిపిన క్రిముల పక్కనే ఉన్నాయి, ఏవో కొన్ని తప్ప మింగలేదు. అంత స్పష్టమైన నమూనా నాకు అంతవరకూ దొరకలేదు. నాకు సంతోషం వేసింది. ఫొటో తీసి మా గైడుకు పంపాను.

ఆదివారం ఇంటికి వెళ్తే ఆవిడ గోడ మీదుగా అడిగారు. "ఏమే, నా సిపాయిలు ఎలా ఉన్నారు?" తెల్లకణాలకు ఆవిడ పెట్టుకున్న పేరు అది.

"బాగున్నారత్తయ్యా."

నియమం అడ్డొచ్చిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. కాదు. చెప్పకూడదు అత్తయ్యా అనవచ్చు. ఒకసారి డాక్టరుకు చూపిద్దాం రండి అనవచ్చు. ఆవిడ ముఖం చిన్నబోతే ఏం మాట్లాడాలో తెలియక, ఆ ఒక్క మాటతో తప్పించుకున్నాను.

వానలు తగ్గాక, కాలవలో గుడ్డలు జాడిస్తుంటే నత్తగుల్ల గుచ్చుకుని ఆవిడ అరికాలు తెగింది. నేను చూసేసరికి పసుపు పెట్టి పాత గుడ్డ చుట్టుకుని, అదే కాలి మీద నిలబడి అచ్చు వేస్తున్నారు.

"ఆసుపత్రికి వెళ్ళండి అత్తయ్యా."

"నా సిపాయిలు బాగున్నారన్నది నువ్వేగా! ఊరికే తిని కూర్చుంటారా వాళ్ళు? చూసుకుంటార్లే."

అప్పుడైనా చెప్పాల్సింది. బస్సుకు టైమైందన్నాను. మూడు వారాలకు అమ్మ ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ రోజున మావయ్య, వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించారు. "ఈ అమ్మాయి పరీక్షలకి మా ఆవిడ రక్తమిచ్చిందండీ. బస్సెక్కి వెళ్ళి మరీ ఇచ్చింది." ఆయన గొంతులో గర్వం. భోజనాలయ్యి అందరూ వెళ్ళిపోయాక షెడ్డులోకి వెళ్ళి చెప్పాను.

"మావయ్యా, ఆ రక్తం బాగాలేదు. నాకు అప్పుడే తెలుసు. బాగుందని చెప్పాను."

ఆయన బల్ల మీది అచ్చొకటి తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టారు. తిట్టలేదు. పోనీలేమ్మా అనీ అనలేదు.

"డాక్టరు మాటకన్నా నీ మాటే ఎక్కువగా నమ్మిందమ్మా మీ అత్తయ్య" అన్నారు చివరికి. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచారు. "షుగరు నాకూ ఉంది. నాదీ తియ్యి. ఈసారి చెప్తావుగా?"

నా దగ్గర సూది లేదు. ఆ మాట కూడా అనలేకపోయాను. ఆయన చెయ్యి అలాగే చాచి ఉంచారు. గోళ్ళ నుంచి మోచేతి దాకా ఏళ్లనాటి నల్లరంగు ఇంకిపోయి, నరం ఎక్కడుందో కనిపించని చెయ్యి.