రెండో కొస పట్టుకునేవాడు

లిబోరియో మేస్త్రి ఎప్పుడూ ఒక్కడే పనిచేస్తాడు, కాని పొద్దస్తమానం ఒకడితో పోట్లాడుతూనే ఉంటాడు. ఆ ఒకడు, కొసన అడ్డచెక్క కొట్టిన చీపురుకర్ర. పేరు తోబియాస్. గోడకూ కప్పుకూ మధ్య చెక్క కార్నిస్ బిగించాలంటే, మూడు మీటర్ల పట్టీకి ఒక కొస మేస్త్రి పట్టుకుంటే రెండో కొస ఇంకో మనిషి పట్టుకోవాలి. లిబోరియోకి తోబియాసే పట్టుకుంటాడు. మనుషుల్ని మాత్రం గదిలోకి రానివ్వడు, గడియ పెట్టేస్తాడు.

"ఒరేయ్ తోబియాస్! నిద్రపోతున్నావా? పైకెత్తరా!"

వల్పరైసోలో ఆ కొండమీద ఈ కేకలకు నవ్వని ఇల్లు లేదు.

ఒర్తెన్సియా ఇంట్లో హాలు పనికి అతను బుధవారం వచ్చాడు. ఆదివారం కాబోయే వియ్యంకుడు మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. ఆయన ఇంజనీరు. ఆ హాలేమో ఒర్తెన్సియా భర్త బెలిసారియో పగలంతా రేవులో మూటలు మోసి, సాయంత్రాలు ఇసుక బస్తాలు రెండొందల మెట్లెక్కించి తొమ్మిదేళ్ళపాటు కట్టుకున్నది. "నా గోడలు దారం పట్టి కట్టినట్టుంటాయి" అని ఆయన అనని రోజు లేదు. ఇంజనీరు ముందు ఆ మాట పోతే మనిషి లేచి తిరగలేడని ఒర్తెన్సియాకి ఒకటే గుబులు.

బెలిసారియో తలుపు తట్టాడు. "మేస్త్రీ, రెండో కొస నేను పట్టుకోనా?"

"వద్దయ్యా! తోబియాస్ అలుగుతాడు!"

గురువారం మళ్ళీ తట్టాడు. "ఇంకా రెండో పట్టీ దగ్గరే ఉన్నావా?"

"ఏం చెయ్యనయ్యా! మీ గోడలు బాణాల్లా ఉన్నాయి. ఈ వెధవే వంకరగా పట్టుకుంటున్నాడు!"

బెలిసారియో ఛాతీ బెత్తెడు పొంగింది. భార్యకేసి తిరిగాడు. "విన్నావుటే? బాణాలట! కాని ఇలాంటి పిచ్చోణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావే? ఒక్క గదికి ఇన్ని రోజులా?"

శుక్రవారం ఆయన రొట్టెలకు వెళ్ళినప్పుడు ఒర్తెన్సియా టీ పట్టుకుని పెరటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తోబియాస్ పట్టీని బుద్ధిగా మోస్తున్నాడు. పట్టీకీ గోడకూ మధ్య మాత్రం ఆమె నాలుగు వేళ్ళూ దూరేంత సందు. లిబోరియో ఆ సందు పొడవునా పెన్సిలుతో గీత గీసుకుని, పట్టీ దించి, దాని వెనక అంచును గోడ ఒంపుకు తగ్గట్టు చిత్రిక పడుతున్నాడు. ఎత్తడం, చూడటం, దించడం, మళ్ళీ చిత్రిక. చొక్కా తడిసి ముద్దయింది.

"మేస్త్రీ! మా గోడలు ఇంత వంకరా?"

లిబోరియో నిచ్చెన మీదే కొయ్యబారిపోయాడు. "మెల్లగా అమ్మా, అయ్యగారు వింటారు! ఈ కొండమీద ఎవరి గోడ వాళ్ళే కట్టుకున్నారు. రెండో కొస పట్టుకున్నవాడికి వంకర కళ్ళెదుటే కనబడుతుంది. పాపం, ఎందుకు చూడాలి? తోబియాస్‌కైతే కళ్ళు లేవు."

ఒర్తెన్సియా గబగబా లోపలికి వెళ్ళింది. టీలో ఇంకో రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చింది.

ఆదివారం ఇంజనీరు తల పైకెత్తి, నాలుగు గోడలూ, నాలుగు మూలలూ చూశాడు. ఒర్తెన్సియా వడ్డించడం ఆపేసింది.

"కార్నిస్ ఎంత బాగా అతికిందండీ! ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు. గోడలు ఎవరు కట్టారు?"

"నేనే," అన్నాడు బెలిసారియో. ఒర్తెన్సియా భోజనానికి పిలవగా వచ్చి, బల్ల చివర మాంసం కూరి కాల్చిన ఎంపనాడా తింటున్న లిబోరియో కేసి గడ్డం ఎత్తి చూపించాడు. "గోడలు తిన్నగా ఉన్నా ఈయనకి నాలుగు రోజులు పట్టింది లెండి!"

అందరూ నవ్వారు. "నాకు చేతకాదయ్యా," అని లిబోరియో ఇంకా గట్టిగా నవ్వాడు.

ఒర్తెన్సియా పళ్ళెంలో ఉన్న పెద్ద ఎంపనాడా ఏరి అతనికి వడ్డించి, చెవి దగ్గరికి వంగింది.

"మేస్త్రీ, వచ్చే నెల వంటగది కూడా చేసిపెట్టాలి. అదీ ఆయనే కట్టారు."

"ఎన్ని మూలలమ్మా?"

"నాలుగే కట్టబోయారు. ఐదొచ్చాయి."

లిబోరియో నమలడం ఆపి కళ్ళు మూసుకున్నాడు. "వారం పడుతుందమ్మా," అన్నాడు.