కూకోడానికొచ్చింది సోములమ్మ

సోములమ్మకి పట్టుదల ఎక్కువ. అనంతగిరి మండలంలో ఆ కొండవాలు ఊళ్లో ఎవర్నడిగినా ముందు ఆ మాటే చెప్తారు, తర్వాతే ఆమె ధింసా ఆట సంగతి చెప్తారు. ఆడవాళ్లంతా ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పట్టుకుని వరసగా ఆడే ఆట అది. అందులో సోములమ్మ చెయ్యి పడిందంటే, వాన కుండపోతగా కురిసినా వరస తెగేది కాదు.

ఆమె పెనిమిటి ఫల్గుణ ఉన్నాడే, ఆయన దీనికి పూర్తిగా విరుద్ధం. డప్పు కొడితే కొండ దద్దరిల్లాల్సిందే గానీ, నోరు విప్పి ఎవరికీ కాదని చెప్పిన పాపాన పోలేదు. ఎవరొచ్చి గొడ్డలడిగినా ఇచ్చేస్తాడు. తర్వాత కట్టెలు కొట్టుకోడానికి పక్కింటివాళ్ల గొడ్డలి అడుక్కుంటాడు. ఇలాంటి మనిషితో కాపురమంటే మాటలా!

పెళ్లికి ముందు, వయసులో ఉన్నప్పుడు, ప్రతి శీతాకాలమూ వాళ్ల ఊరి జట్టుని భీమిలి వైపు సముద్రం ఒడ్డునున్న ఒక రిసార్టుకి తీసుకెళ్లేవారు. మధ్యాహ్నం వ్యాను దిగడం, సాయంత్రం పచ్చిక మీద ఆడడం, వంటింటి వెనక అన్నం తినడం, మళ్లీ వ్యానెక్కడం. ఎదురుగా పేము కుర్చీలుండేవి. వాటిలో జనం కాళ్లు జాపుకుని కూర్చుని, ఏదో నములుతూ వీళ్లని చూసేవారు. వీళ్ల వీపు వెనకే సముద్రం ఘోషపెట్టేది. తల తిప్పి చూద్దామంటే అడుగు తప్పిపోతుంది కదా, చూసేదెప్పుడు?

ఒక్కసారి మాత్రం చూశారు. ఆట అయ్యాక డ్రైవరు టీ తాగుతుంటే, సోములమ్మా, జట్టుకి డప్పు కొట్టే ఫల్గుణా కాళ్లకి గజ్జెలైనా విప్పకుండా ఇసకలోకి పరిగెత్తారు. అల వచ్చి వెనక్కి పోతూ కాళ్లకింద ఇసక లాగేస్తుంటే సోములమ్మ హడలిపోయి ఫల్గుణ మొలతాడు గట్టిగా పట్టేసుకుంది. "నాతోటి వొచ్చీ" అన్నాడు ఫల్గుణ. జన్మలో తనంతట తను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ రోజు ఇద్దరూ వ్యానెక్కలేదు.

కొండల్లో లేచిపోయి పెళ్లి చేసుకోవడం వింతేమీ కాదు. నాలుగు రోజులు కోపతాపాలు పోయాక పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు, విందు పెడతారు, ఊరంతా ధింసా ఆడుతుంది. కానీ సోములమ్మ తండ్రి యర్రయ్య మొండి ఘటం. కూతురికి ఆ పట్టుదల ఆకాశంలోంచి ఊడిపడలేదు మరి! విందు కడుపునిండా తిన్నాడు, కల్లు తాగాడు, తీరా ఫల్గుణ డప్పు మీద చెయ్యి వెయ్యబోతే "ఇరిసేత్తాను ఆ సెయ్యి" అని లేచాడు. అంతే, విందు చప్పుడు లేకుండా ముగిసిపోయింది. ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ ఆడిన పిల్ల పెళ్లిలో ఒక్క అడుగూ పడలేదు. ముసలాయన పోయి చాన్నాళ్లయింది గానీ, ఆ బాధ సోములమ్మ కడుపులో అలాగే ఉండిపోయింది.

పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని విశాఖలో నర్సు పని చేస్తున్న కూతురు భాను ఫోన్ చేసింది. "అమ్మా, చీర కొననా?"

"సీరొద్దు గుంటా. ఆ రిసార్టులో పేము కుర్సీలో కూకోవాల."

"కూర్చుని?"

"కూకుని సముద్రం సూడాల. మరేటి లేదు. నన్నెవలూ లెగమనకూడదు, అంతే."

ఈ మాట ఊళ్లో పాకింది. కాఫీ తోటలో పళ్లు కోస్తూ పక్కింటి కృపావతి పకపకా నవ్వింది. "పట్నపోల్లాగ పెళ్లిరోజులేటే నీకు, ఈ వయసులో!"

"పట్నపోలు మన కొండకొచ్చి మంచు సూసి పోతన్నారు కదా, మంచేటైనా తగ్గిపోనాదా? మనం ఎల్లి సముద్రం సూత్తే అదీ తగ్గిపోదులే" అంది సోములమ్మ.

భాను గది బుక్ చేసింది. వాళ్లిద్దరూ తెల్లారే బస్సెక్కి, ఘాట్‌రోడ్డు మలుపుల్లో ఊగుతూ కిందకి దిగారు. రిసార్టులో కౌంటరు దగ్గర పిల్ల "వెల్‌కమ్ మేడమ్" అంది. సోములమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరో మేడమ్ వస్తోందేమోనని. ఎవరూ లేరు. ఫల్గుణ డొక్కలో మోచేత్తో పొడిచింది. "ఇన్నావా? మేడమంట!"

సాయంత్రం పచ్చిక మీదకొచ్చి కుర్చీలన్నీ ఒకటికి రెండుసార్లు చూసింది. ఒకదాన్ని ఎంచుకుని సముద్రం వైపు తిప్పుకుని కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు జాపింది. ఎదురుగా ఎవరూ అడ్డం లేకుండా సముద్రం ఉంది. ఆమెకి నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు.

"ఏయ్ సోములూ! నువ్వేనా!" అంటూ మేనేజరు దేవీప్రసాద్ టై సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఈయన అప్పట్లో వీళ్లకి అన్నాలు పెట్టించే సూపర్‌వైజరు. "దేవుడే పంపించాడు నిన్ను. ఘాట్‌లో బండరాళ్లు పడ్డాయంట, ఇవాళ రావాల్సిన ధింసావాళ్ల వ్యాను కొండమీదే ఆగిపోయింది. గెస్టులేమో ఎదురుచూస్తున్నారు. లోపల చీరలున్నాయి, గబగబా కట్టుకో. మా స్టాఫ్ అమ్మాయిల్ని వెనక నిలబెడతాను, నువ్వు ముందుండి లాగించెయ్."

"నాను ఆడ్డానికి రాలేదు బాబూ. కూకోడానికొచ్చినాను."

దేవీప్రసాద్ అదేదో వేళాకోళం అన్నట్టు నవ్వేశాడు. "కూర్చోడానికి రేపు పొద్దంతా ఉంది కదమ్మా!" అని ఆమెని వదిలేసి, అవతల పకోడీ తింటున్న ఫల్గుణ దగ్గరికెళ్లాడు. గోడకి అలంకారానికి తగిలించిన డప్పు తీసి అతని చేతిలో పెట్టాడు. ఫల్గుణ పకోడీ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, డప్పు అందుకున్నాడు.

సోములమ్మకి ఒళ్లు మండిపోయింది. "నీ నోట్లో నాలికేటైనాది? కూకుందారని కదా వొచ్చినాం!"

"ఇంటాయన డప్పు సేతిలో ఎట్టీసినాడే సోమూ" అన్నాడు ఫల్గుణ బిక్కమొహం వేసుకుని. "మనూల్లో అయితే కాదంతారేటి? ఆ ఇంటిని తిట్టినట్టు కాదేటి?"

ఆ మాట నిజమే. వాళ్ల ఊళ్లో విందు చేసే ఇంటాయన చేతికిచ్చిన డప్పుని కాదనడం తప్పు. ఇంకా నాలుగు తిట్లు సిద్ధం చేసుకున్న సోములమ్మ టక్కున ఆగింది. అంతటితో అయిపోదు కదా ఆ ఆచారం!

"మరి డప్పిచ్చిన ఇంటాయన తరవాతేటి సెయ్యాల?"

ఫల్గుణ కాసేపు ఆలోచించాడు. తర్వాత పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

సోములమ్మ మేనేజరు దగ్గరకెళ్లి, కుర్చీల్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా గొంతెత్తింది. "దా బాబూ, దిగు. మా ఊరి పద్ధతి సెప్తన్నాను. డప్పు సేతికిచ్చినోలే ముందు ఆడాల. ఇంటోలు అడుగేత్తేనే సుట్టాలు లెగుత్తారు. ఇల్లు నీది. నానిక్కడ సుట్టాన్ని."

"నేనా? నాకేం వచ్చు?"

"నాను సెప్తాను కదా, బేగి రా!"

గెస్టులకి భలే ముచ్చటేసింది. "మేనేజర్ గారూ! మేనేజర్ గారూ!" అని చప్పట్లు కొట్టారు. ఫల్గుణ డప్పు మోగించాడు. పాపం దేవీప్రసాద్ ఏం చేస్తాడు? బూట్లు విప్పాడు, టై భుజం మీదకి వేసుకున్నాడు, కౌంటరు పిల్లనీ వంటవాళ్లనీ కేకేసి వరస కట్టాడు. సోములమ్మ తిరిగొచ్చి, కుర్చీ ఆటవైపు తిప్పుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ఎనక్కెయ్యాల కాలు, ముందుకి కాదు! ఓలమ్మో, నడుం వొంచవేటి, కర్ర మింగినావేటి? ఆ సెయ్యి ఒగ్గీకు, వరస తెగిపోద్ది!"

కడుపు చెక్కలయ్యేలా నవ్వుతూ గెస్టులు కూడా లేచి వరసలో కలిశారు. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్క సోములమ్మ మిగిలింది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆమె పాదాలు లేవబోయాయి. ఊరుకోండే అని వాటిని తిట్టుకుంటూ పచ్చికకేసి అదిమిపెట్టింది.

ఆట ఆగింది. దేవీప్రసాద్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఇంటివాళ్లం ఆడేశాం. మరి నీ పద్ధతి ప్రకారం ఇప్పుడు చుట్టం లేవాలి కదా! రా."

ఆ మాటా నిజమే. ఫల్గుణ భయంగా భార్య మొహంలోకి చూశాడు.

"సుట్టానికి మనసైతే లెగుత్తాది, లేదంటే కూకుంటాది" అంది సోములమ్మ. "సుట్టాన్ని రెక్కట్టుకు లెగదీసే ఇల్లు మా కొండల్లో నానెక్కడా సూల్లేదు. మీ కిందూల్లల్లో ఉందేటి?"

దేవీప్రసాద్ టై కిందకి లాక్కున్నాడు. "కూర్చోండి సోములమ్మగారూ. టీ పంపిస్తాను" అన్నాడు.

టీ వచ్చింది. సోములమ్మ కుర్చీ సముద్రం వైపు తిప్పుకుని, తొందర లేకుండా చివరి చుక్కదాకా తాగింది. అప్పుడు లేచింది. "ఓయ్, డప్పు అట్టుకొచ్చీ" అని ఫల్గుణతో చెప్పి, నీళ్లకేసి నడిచింది.

మోకాళ్లదాకా దిగాక ఆగింది. పాతికేళ్ల కిందటిలాగే కాళ్లకింద ఇసక జారింది. ఆమె పక్కకొచ్చిన ఫల్గుణ నడుం వెనకనుంచి చెయ్యి పోనిచ్చి మొలతాడు పట్టుకుంది. ఒడ్డున జనం ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు.

"డప్పు తడిసిపోద్దే" అన్నాడు ఫల్గుణ. "అదీగాక అందరూ సూత్తన్నారు. ఇందాకా ఆడనన్నావు కదా!"

"వాలకి ఆడనన్నాను. ఇది నా పెళ్లి. నా పెళ్లిలో నానాడొద్దేటి?"

ఫల్గుణ చెయ్యి డప్పు మీదకెళ్లి ఆగిపోయింది, ఆ రోజు విందులో ఆగినట్టే.

"మా అయ్య లేడు, ఇంకెవడాపుతాడు?" అంది సోములమ్మ. "కొట్టు!"