మూగబోయిన కణాలు, ఎస్తేరు మేడమ్

ఇవాళ మధ్యాహ్నం స్పీకరులో టపటపమంటున్న కణం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎలుక మెదడు ముక్కలో ఒక్కో కణానికి సన్నటి గాజుగొట్టం ఆనించి, దాని విద్యుత్తును చప్పుడుగా వినడం మా పని. ఆ నిశ్శబ్దానికి పోయిన ఏడాది చనిపోయిన మా ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు.

మాది ఆదోని, పత్తి వ్యాపారం చేసే ఇల్లు. ఆమెది ఎమ్మిగనూరు. తల్లిదండ్రులు గోనెగండ్ల చేలల్లో కూలికి పోయినవాళ్ళు. ఆమె నడిపే బెంగళూరు ల్యాబులో మొదటిరోజు నా యాస విని, "ఆదోనా అప్పా నీది? అయితే ఆ ఇంగ్లీషు పక్కనపెట్టి మాట్లాడు" అని నవ్వారు. ఆ నవ్వుకే ఉండిపోయానేమో. లేకపోతే ఇన్నేళ్ళ చాకిరీ ఎవడు చేస్తాడు!

ఆమె తమ్ముడు యోహానుకు చిన్నప్పటినుంచీ మూర్ఛ. ఊళ్ళో ఇంకొకరికి నయం చేసిన మాత్రే ఇతనికిస్తే మూర్ఛలు ఎక్కువయ్యాయి. సరిగ్గా మింగడం లేదని అందరూ అతన్నే తిట్టారు. "నా చేత్తోనే నోరు తెరిపించి మింగించినాను అప్పా" అని ఒకసారి చెప్పి మొహం తిప్పుకున్నారు. ఆ మాత్ర తమ్ముడికి ఎందుకు పడలేదో తేల్చడానికే ఆమె బతుకంతా పెట్టారు. మెదడులో తక్కిన కణాల ఉద్రేకాన్ని అణచే కాపలా కణాలు కొన్నుంటాయి. ఆ మాత్రలోని మందు పోస్తే అవి ఎలా మారతాయో విని, తర్వాత అదే కణంలోని పదార్థాన్ని పీల్చి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసేవాళ్ళం. రెంటికీ లంకె దొరికితే ఎవరికి ఏ మందు పడుతుందో ముందే చెప్పొచ్చని ఆశ.

ఒకరోజు లంకె దొరికింది. ఒక జన్యువు బాగా పనిచేసే కణాలు మందును తట్టుకుంటున్నాయి. ల్యాబంతా స్వీట్లు పంచాం. మేడమ్ మాత్రం స్వీటు చేతిలోనే పట్టుకుని, "మందు పోయంగానే మూగబోయినవి యాడ?" అన్నారు.

"అవి చచ్చిపోయాయి కదా మేడమ్, లెక్కలోకి తీసుకోం."

"చచ్చినాయని నీకెవురు చెప్పినారు? మందు కడిగి చూడు."

కొత్త కణాల మీద మందు పోసి, వారాల తరబడి కడిగి చూశాం. చాలావాటిలో మళ్ళీ టపటప మొదలైంది. అవి చావలేదు, మందే వాటిని నిద్రపుచ్చింది. కాపలా పడుకుంటే మూర్ఛ పెరగక ఏమవుతుంది! అయితే వాటిలోనూ ఆ జన్యువు అంతే బాగా పనిచేస్తోంది. మా లంకె తెగిపోయింది. జర్నలుకు పంపిన పేపరును ఆమే వెనక్కి తీసుకున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. "మా తమ్ముణ్ణీ ఇట్లే పక్కన పెట్టినారప్పా" అన్నారు.

ఆ వారమే ఇద్దరం ఎమ్మిగనూరు పోయాం. గడపలో కూర్చున్న యోహాను, "అక్కా, మందు దొరికిందా?" అన్నాడు.

"లేదురా. ఆ మాత్ర నీకెందుకు పడలేదో కొంచెం తెలిసింది. తప్పు నీది కాదు. మందు మాత్రం దొరకలేదు."

బయటికొచ్చాక ఉండబట్టలేక, "త్వరలో దొరుకుతుందని చెప్పొచ్చు కదా మేడమ్" అన్నాను.

"ఆ మాట వానికి శానామంది చెప్పినారు" అని ముందుకు నడిచారు.

ఆమె పోయాక యోహాను నాకు ఫోన్ చేస్తున్నాడు. పోయిన ఆదివారం కూడా చేశాడు.

"దొరికిందా అప్పా?"

త్వరలో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువు ఆ మాట!

"లేదన్నా" అన్నాను.

"అక్క మాదిరే చెప్పినావు. అలిసిపోయినట్టుండావు, అన్నం తిను. రేపు మళ్ళా చూద్దువులే" అన్నాడు.