హైదరాబాదు వెళ్లిన పంచె

జువ్వలదిన్నెలో ముత్యాలయ్య చేపలు పట్టేవాడు. నైలాను వలలు ఇంకా రాని రోజులవి. నూలు వల ఉప్పునీటికి కుళ్లకుండా తుమ్మచెక్క ఉడికించిన ఎర్రటి రసంలో ముంచేవాడు. రేవులో హత్య జరిగితే, అతని పంచె మీది ఎర్రమరకలు నెత్తురేనని పోలీసులు లాకప్పులో వేశారు. పంచెను హైదరాబాదు ప్రయోగశాలకు పంపారు. నెత్తురని తేలితే ఉరే. పేదవాడి మాట ఎవరు వింటారు?

భార్య ఏడుస్తుంటే ముత్యాలయ్య, "ఏడవబాక పేరమ్మా. నేను నెల్లూరే సరిగా చూడలా, నా పంచె రైలెక్కి హైదరాబాదు పోయింది. దానికుండే యోగం నాకేదీ" అన్నాడు.

ప్రయోగశాలలో నెత్తురు పరీక్షించే విభాగం అది నెత్తురు కాదంది. రసాయన విభాగం చెట్టుబెరడు రంగని తేల్చింది.

వదిలేస్తూ, "ముందే చెప్పుండొచ్చుగా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చెప్పినా గదా సార్. ఈ మొహం చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు, మీరేం చేస్తారు."