పొట్టేలు ఒప్పుకున్న రోజు

తెల్లకోటు తొడుక్కుంటే చాలు, రోగాలు వాటంతటవే వచ్చి వరసలో నిలబడి పేర్లు చెప్పుకుంటాయని నేను నమ్మిన కాలం ఒకటుండేది. అప్పుడు నేను విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. ఒకే జబ్బు గొర్రెలోనూ మనిషిలోనూ ఎలా మొదలై ఎలా ముదురుతుందన్నది మా అంశం. జబ్బు పేరు బ్రూసెల్లోసిస్ (ఆ పేరు తడబడకుండా పలకడం వచ్చిన రోజే నాకు డాక్టరేటు ఇచ్చేసి ఉండాల్సింది). ఇది పట్టిన గొర్రె నెలలు నిండకుండానే ఈనేస్తుంది. ఆ పిల్లను ఒట్టి చేతులతో తీసిన కాపరికి, కాచని పాలు తాగినవాడికి అదే క్రిమి అంటుకుంటుంది. సాయంత్రానికి జ్వరం, తెల్లారేసరికి మాయం, కీళ్ళలో పోట్లు. మనిషి నెలల తరబడి మంచానికీ గుమ్మానికీ మధ్య తిరుగుతుంటాడు. రక్తం పరీక్ష చేస్తేగానీ ఇదేమిటో తేలదు. తేలితే మాత్రం మందులున్నాయి.

"మంద నెత్తురు కావాలి, మందను కాసేవాడి నెత్తురూ కావాలి. ఒకటి తెచ్చి రెండోది మరిచిపోతే ఆ ఐసుపెట్టెలో నిన్నే కూర్చోబెడతా" అని మా గైడు నన్ను కర్నూలులో బస్సెక్కించారు. థర్మోకోల్ పెట్టెను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, మనుషులకు సూది వేయడం తెలిసిన ఒక నర్సమ్మను వెంటబెట్టుకుని, ఆలూరు దాటి ఒక కాపరుల పల్లెలో దిగాను. ఎండ ఎలా ఉందంటే, మా బస్సు నీడ కూడా భయపడి బస్సు కిందికే దూరింది.

మేము వెతుక్కుంటూ వెళ్ళిన ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు ఉన్నారు. ఆ కొడుకును ఊరంతా పెద్దోడు అంటారు. తోడేలును తోకపట్టి గిరగిరా తిప్పగల ఆకారం. కానీ నెలల నుంచి వచ్చిపోయే జ్వరంతో మంద వెంట నడవలేక అరుగుకు అతుక్కుపోయాడు. పైగా సూది అంటే ప్రాణభయం. నర్సమ్మ సంచి తెరవగానే ఆ ఆరడుగుల మనిషి బెత్తెడంత తల్లి వెనక దాక్కోబోయాడు. అతని జ్వరం తగ్గాలనే అవ్వ అమ్మవారికి ఒక పొట్టేలును మొక్కుకుంది. మేము వెళ్ళింది సరిగ్గా ఆ మొక్కు తీర్చే రోజే. చుట్టాలంతా దిగారు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఇంటి ముందు పొట్టేలు, దాని పక్కన కత్తితో పెద్దోడి మేనమామ.

నేను క్రిమి పుట్టుక నుంచి మొదలుపెట్టి విజ్ఞానశాస్త్రమంతా అరుగు మీద ఒలకబోశాను. కోసేలోపు ఈ పొట్టేలు నెత్తురు, తర్వాత మంద నెత్తురు, పెద్దోడి నెత్తురు కావాలన్నాను. అవ్వ ఓపికగా విన్నది. "నువ్వు చెప్పేది శానా బాగుండాది నాయనా. అయితే ఇది తల్లికి మొక్కిన పొట్టేలు. ఆమె ఒప్పుకోకముందు దీని నెత్తురు సుక్క గూడా కింద పడగూడదు" అంది. అవ్వ వెనక నుంచి పెద్దోడు తల బయటపెట్టి, "పొట్టేలుకే పొడసగూడదంటే నాకు యాడ పొడుస్తావప్పా?" అన్నాడు.

అమ్మవారు ఒప్పుకోవడం అంటే ఇది: పొట్టేలు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే ఆమె సరేనన్నట్టు. అప్పుడే కత్తి. చెంబులతో పోశారు, బిందెలతో పోశారు (ఆ నీళ్ళకు రెండు మళ్ళు తడిసేవి). పొట్టేలు ఓర్వకల్లు బండలా నిలబడి నెమరు వేస్తోంది. చుట్టాల ఆకలి ముదురుతోంది, నా పెట్టెలో ఐసు కరుగుతోంది. అది ఒళ్ళు విదిలించాక కత్తి దిగేలోపు మెడ నుంచి నెత్తురు తీయడానికి నాకొక్క క్షణం ఇమ్మని, అందుకు మెడ తుడిచి సిద్ధంగా ఉంచుకుంటానని అవ్వను వేడుకున్నాను. తుడుచుకోమంది. దూదిని స్పిరిట్లో ముంచాను. ఆ కొమ్ములను దగ్గరగా చూశాక నా కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. మెడకని చాచిన చెయ్యి పోయి చెవిలో పడింది.

పొట్టేలు కొమ్ముల నుంచి తోకదాకా విదిలించింది. ఆదోని దాకా ఎవరూ తడవకుండా మిగల్లేదని నేనంటే నమ్మరుగానీ, నా కళ్ళద్దాలు మాత్రం మరుగుతున్న ఎసట్లో దొరికాయి. మేనమామ కత్తితో ముందుకొచ్చాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగప్పా. అన్ని నీళ్ళకు కదలంది, ఈ పిల్లోడు దూది పెడితే కదిలింది. తల్లి ఒప్పుకునింది సూదికి. కత్తికి గాదు."

"అట్లయితే కూడులోకి ఏముండాదిక్కా?" అన్నాడు మేనమామ, మరుగుతున్న ఎసరు వైపు చూస్తూ.

"పప్పుండాది."

పొట్టేలును కదిలించింది చెవిలో స్పిరిట్ ఆవిరయ్యేటప్పటి చలి అని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. నర్సమ్మ నా కాలు తొక్కింది. ఈలోగా అవ్వ కొడుకు వైపు తిరిగింది. "తల్లే సూదికి ఒప్పుకున్యాక నువ్వెంతోనివిరా?" పెద్దోడు పొట్టేలు నుంచి నేను నెత్తురు తీస్తుంటే కన్నార్పకుండా చూశాడు. తర్వాత ఒక చేత్తో దాని కొమ్ము పట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండో చెయ్యి నర్సమ్మ ముందు చాపాడు.

పరీక్షలో అతనికీ మందలోని ఆడగొర్రెలు కొన్నింటికీ జబ్బు తేలింది. పొట్టేలు నిర్దోషి. పెద్దోడు మందులు వాడి, వానలు పడేసరికి మళ్ళీ మంద వెంట నడిచాడు. ఘనత అమ్మవారికి పోయింది, నింద నాకు మిగిలింది (ఆ మేనమామ చాలాకాలం నన్ను 'కూర చెడగొట్టినోడు' అనే తలుచుకున్నాడట). పరీక్షకు అందరూ ఒప్పుకున్నారా అని గైడు అడిగితే, "పొట్టేలుతో సహా సార్" అన్నాను. ఆయన నవ్వలేదు.

జబ్బు గొర్రె నుంచి మనిషికి ఏ దారిన వస్తుందో దిండంత గ్రంథం రాశాను. ధైర్యం కూడా ఆ దారినే రావడం కళ్ళారా చూశాను గానీ, దాన్ని ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియక వదిలేశాను. ఆ రోజు నర్సమ్మ నా కాలు తొక్కకపోతే నేను నిజం చెప్పేవాణ్ణి, పెద్దోడు చెయ్యి చాపేవాడు కాడు. ఇందులో గెలిచింది ఎవరో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు నాకూ చక్కెర జబ్బు. అప్పుడప్పుడు పరీక్షకు వెళ్ళి చెయ్యి చాపుతాను. అక్కడి నర్సు స్పిరిట్ దూది అద్దగానే నా ఒళ్ళు తల నుంచి కాలిదాకా ఒకసారి జలదరిస్తుంది. భయమా సార్ అని ఆ అమ్మాయి అడుగుతుంది. కళ్ళు మూసుకుంటే పసుపునీళ్ళలో తడిసిన తెల్లకోటుతో, కళ్ళద్దాలు వెతుక్కుంటూ ఒక కుర్రాడు కనిపిస్తాడు.

"ఒప్పుకున్నట్టేనమ్మా, కానివ్వు" అంటాను.